మందు ముందా, పాలు ముందా?

"హెచ్‌ఐవీ ఉందని తేలింది కదమ్మా, దాన్ని అదుపుచేసే ఏఆర్‌టీ మందులు ఇవాళే మొదలుపెట్టొచ్చుగా?" బాగా చిక్కిపోయిన మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని అమ్మమ్మలు అడుగుతుంటారు. అంగన్‌వాడీ టీచర్లూ ఇదే అడుగుతారు. అడగడంలో న్యాయం ఉంది. 12 వారాల వయసు లోపే మందులు మొదలుపెడితే శిశు మరణాలు 76 శాతం తగ్గాయని దక్షిణాఫ్రికాలో జరిగిన చెర్ పరిశోధన 2008లో చూపింది. అయితే వాళ్లు రోగనిరోధక శక్తి ఇంకా బాగానే ఉన్న పిల్లలు. మోచేతి పైన టేపు చుడితే 115 మిల్లీమీటర్లు కూడా రాని, అంటే తీవ్ర పోషకాహార లోపం ఉన్న మన పిల్లల సంగతి వేరు.

ఆస్పత్రిలో చేరేంత జబ్బు చేసిన పిల్లల మీద కెన్యాలో ఒక పరిశోధన చేశారు. కొందరికి 48 గంటల్లోపు, కొందరికి 7 నుంచి 14 రోజుల మధ్య మందులు మొదలుపెట్టారు. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

నా మటుకు నేను పాలే ముందంటాను. మొదటి రోజుల్లో ఇలాంటి బిడ్డను తీసుకుపోయేవి షుగర్ పడిపోవడం, ఒళ్లు చల్లబడడం, ఇన్ఫెక్షన్. ఇలాంటి పిల్లలకి మొదట ఇచ్చే ఎఫ్-75 అనే ప్రత్యేక పాలు రోజుకి కిలోకి 130 మి.లీ. పోస్తాం. ఆరు కిలోల బిడ్డకి రెండు గంటలకోసారి 65 మి.లీ., రాత్రి కూడా. "ఇంతేనా పోసేది?" అని అమ్మమ్మ బాధపడుతుంది. ఎక్కువ పోస్తే ఆ గుండె తట్టుకోలేదు. నాలుగైదు రోజులకి వాపు తగ్గి, వాడే గిన్నె లాక్కుంటాడు చూడండి, ఏఆర్‌టీ మొదలుపెట్టాల్సింది అప్పుడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పిందీ అదే, బిడ్డ నిలదొక్కుకున్న వెంటనే అని.

ఆ 'వెంటనే' దగ్గరే నాకు టెన్షన్. "కాస్త ఒళ్లు చేశాక ఏఆర్‌టీ సెంటర్‌కి తీసుకెళ్లండి" అని డిశ్చార్జి చేసిన ఒక బిడ్డ రెండు నెలలకి ఇంకా చిక్కిపోయి మా దగ్గరికొచ్చాడు. ఆ అమ్మమ్మకి ఏ రోజు, ఎక్కడికి వెళ్లాలో ఎవరూ చెప్పలేదు. అందుకే చేరిన రోజే కేస్‌షీట్ మీద తేదీ వేయిస్తాను. బిడ్డ నిలదొక్కుకోకపోతే ఆ తేదీ మారుతుంది, కానీ ఖాళీగా మాత్రం ఉండదు. నా లెక్కలో మొదటి మాత్ర వార్డులోనే పడాలి. ఇప్పుడు పిల్లలకిచ్చే హెచ్‌ఐవీ మాత్ర డోలుటెగ్రావిర్ నీళ్లలో కరిగిపోతుంది, పాత లోపినావిర్ సిరప్ చేదుతో పోరు లేదు. బరువు పెరిగేకొద్దీ డోసు మారుతుంది కాబట్టి ప్రతిసారీ తూకం వేయించాలి.

ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రైమాక్సజోల్‌కి ఈ ఎదురుచూపు వర్తించదు, అది మొదట్నుంచీ ఇస్తాం. టీబీ కూడా ఉంటే టీబీ మందులు ముందు. ఐరన్ టానిక్ బరువు పెరగడం మొదలయ్యాకే.

ఇల్లా, వార్డా అని అడిగేవాళ్లకి: వాపు, జ్వరం లేకుండా, పెట్టింది ఆకలిగా తినే బిడ్డకి ఇల్లే చాలు. అలాంటి బిడ్డకి ఏఆర్‌టీ మొదలుపెట్టడానికి కూడా ఆగక్కర్లేదు.