మోడల్ రైళ్ల డిజిటల్ పత్రికలో తిరిగే బొమ్మలు: ఏళ్లుగా వాడుతున్న పాఠకుడి సమీక్ష

ముందే చెప్పేస్తాను. నేను ఏళ్లుగా చందా కడుతున్న ఒక మోడల్ రైళ్ల డిజిటల్ పత్రికని ఇంకా వదలకపోవడానికి మొదటి కారణం అందులోని తిరిగే బొమ్మలు, అంటే తెర మీద వేలు జరిపి మోడల్‌ని చుట్టూ తిప్పి చూసే ఫోటోలు. ఇక చాలు, మానేద్దాం అని విసుగు పుట్టించినవి కూడా అవే. సరిగ్గా తిరిగినప్పుడు వాటికి సాటి వచ్చే ఫోటో లేదు. తిరగనప్పుడు మాత్రం లోపం ఫోన్‌లో ఉందా, నెట్‌లో ఉందా, పత్రికలోనే ఉందా అన్నది తేలక ప్రాణం విసిగిపోతుంది. పత్రిక పేరు చెప్పడం లేదు. ఇక్కడ రాసే చిక్కులు ఇలాంటి బొమ్మలు వేసే ఏ పత్రికలోనైనా ఎదురయ్యేవే.

ఈ బొమ్మ ఎలా తయారవుతుందో తెలిస్తే మిగతాదంతా సులువు. మోడల్‌ని టర్న్‌టేబుల్ (గుండ్రంగా తిరిగే బల్ల) మీద పెట్టి, కెమెరాని కదపకుండా, కొంచెం కొంచెం తిప్పుతూ వరసగా ఫోటోలు తీస్తారు. చుట్టూ 36 ఫోటోలు తీస్తే ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 10 డిగ్రీలు. 72 తీస్తే 5 డిగ్రీలు. మనం తెర మీద వేలు జరిపితే ఒక స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రాము) ఆ ఫోటోలని వరసగా మారుస్తుంది. అది వీడియో కాదు, కంప్యూటర్‌లో గీసిన 3డి మోడల్ కూడా కాదు. ఒక ఫోటోల దొంతర, దాన్ని తిప్పే స్క్రిప్ట్, ఈ రెండే. వీటిలో ఏది రాకపోయినా బొమ్మ తిరగదు. ఏది రాలేదో పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

దీనికోసం ఇంత తాపత్రయం ఎందుకూ అని అడిగేవాళ్లున్నారు. ఒక ఆవిరి ఇంజన్ తీసుకోండి. రెండు సిలిండర్లు ఉన్న ఇంజన్‌లో ఎడమవైపు క్రాంకుకీ (చక్రాన్ని తిప్పే రాడ్డు తగిలించే చోటు) కుడివైపు క్రాంకుకీ 90 డిగ్రీల తేడా పెడతారు. ఇంజన్ ఏ స్థితిలో ఆగినా మళ్లీ కదలాలంటే అలా ఉండాల్సిందే. అందుకే ఒక పక్క రాడ్డు బాగా కిందికి దిగి ఉన్నప్పుడు రెండో పక్క రాడ్డు ఇరుసు ఎత్తులో ఉండాలి. మోడల్‌లో ఈ అమరిక తప్పితే చక్రాలు ప్రతి చుట్టులోనూ ఒకచోట పట్టేస్తాయి. ఒక పక్క నుంచి తీసిన మామూలు ఫోటో ఎంత స్పష్టంగా ఉన్నా ఈ సంగతి చెప్పలేదు. తిరిగే బొమ్మలో ఎడమ పక్క రాడ్డు ఎక్కడుందో చూసుకుని, సగం చుట్టు తిప్పి కుడి పక్క చూస్తే పెద్ద తేడా ఉంటే వెంటనే కంటికి దొరుకుతుంది. నేను ప్రతి ఆవిరి ఇంజన్ సమీక్షలోనూ మొదట చూసేది ఇదే. రాసినాయన ఎంత మెచ్చుకున్నా ముందు రాడ్లు చూశాకే చదువుతాను.

ఇంకొకటి, రంగు. టర్న్‌టేబుల్ మీద మోడల్ తిరుగుతుంది గానీ లైటు కదలదు. దాంతో బొమ్మ తిప్పుతున్న కొద్దీ మెరుపు బాయిలర్ మీద జరుగుతూ పోతుంది. మాట్ (నిగనిగ లేని) వార్నిష్ వేసిన చోట ఆ మెరుపు చెదిరిపోతుంది, నిగనిగలాడే చోట సన్నటి గీతలా నిలుస్తుంది. తుప్పు, మసి, నూనె మరకలు వేసి పాతబడినట్టు చేసిన మోడల్‌లో ఏది ఎక్కడ వేశారో చదువుకోవడానికి దీనికి మించిన దారి నాకు దొరకలేదు. 3డి మోడల్ ఎంత బాగా గీసినా అందులో అసలు రంగు ఉండదు కదా.

ఇక చిక్కుల సంగతి. బొమ్మ మొరాయించగానే సెట్టింగులన్నీ కెలకొద్దు. ముందు అదే పేజీని ఇంకో పరికరంలో తెరిచి చూడండి, వీలైతే వేరే నెట్ మీద. రెండు చోట్లా ఒకే కోణం దగ్గర ఆగిపోతోందంటే లోపం పత్రికవాళ్ల సర్వర్‌లోనే ఉంది, మీరు ఎంత గింజుకున్నా లాభం లేదు. ఆగే చోటు ప్రతిసారీ మారుతోందంటే ఫోటోలు పూర్తిగా దిగడం లేదు, అది నెట్ సమస్య. ఒక పరికరంలో బాగా తిరిగి, రెండోదాంట్లో అసలు కదలకపోతే ఆ రెండో పరికరంలోనే వెతకాలి. ఈ ఒక్క పరీక్షతో నాకు మిగిలిన సమయం ఇంతా అంతా కాదు.

అన్నింటికన్నా ఎక్కువగా వచ్చే ఫిర్యాదు, మొదటి ఫోటో చక్కగా కనపడుతుంది గానీ వేలు పెట్టి జరిపితే ఉలకదు పలకదు. అంటే ఫోటో వచ్చింది, స్క్రిప్ట్ రాలేదు. మీరు చదువుతున్నది పీడీఎఫ్ కాపీ అయితే అక్కడితో ఆపేయండి. బ్రౌజర్లలోనూ ఫోన్లలోనూ ఉండే మామూలు పీడీఎఫ్ రీడర్లు ఇలాంటి బొమ్మని తిప్పవు. పీడీఎఫ్‌లో కనపడేది ముఖచిత్రంలా పెట్టిన ఒక్క ఫ్రేమ్ (దొంతరలోని ఒక ఫోటో) మాత్రమే. పత్రిక యాప్‌లోనో వెబ్ ఎడిషన్‌లోనో అదే పేజీ తెరవాలి. వెబ్‌లో కూడా కదలకపోతే ప్రైవేట్ విండోలో తెరిచి చూడండి. అక్కడ ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) మామూలుగా పనిచేయవు కాబట్టి, అక్కడ తిరిగిందంటే ప్రకటనల్ని అడ్డుకునే ఎక్స్‌టెన్షన్ ఏదో ఈ స్క్రిప్ట్‌ని కూడా ఆపేస్తోందన్నమాట. ఆ ఒక్క సైటుకి మినహాయింపు ఇస్తే చాలు, ఎక్స్‌టెన్షన్‌ని పూర్తిగా తీసేయక్కర్లేదు. ఈమెయిల్‌లో వచ్చిన లింకు నొక్కి చదివేవాళ్లకి మరో ఇబ్బంది ఉంది. ఆ మెయిల్ యాప్ తన లోపలే ఒక చిన్న బ్రౌజర్ తెరుస్తుంది, అందులో లాగిన్ నిలవదు, బొమ్మ ఒక్కోసారి సగమే వస్తుంది. మెనూలోంచి అసలు బ్రౌజర్‌లో తెరవమని అడగండి.

నిన్నటిదాకా తిరిగిన బొమ్మలన్నీ ఆండ్రాయిడ్ యాప్‌లో ఒక్కసారిగా తెల్లటి డబ్బాలుగా మారితే అనుమానించాల్సింది ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూని. చాలా పత్రికల యాప్‌లు లోపల వెబ్ పేజీలే చూపిస్తాయి, చూపించే పని ఆ వెబ్‌వ్యూది. అది పాతబడినా చెడినా పత్రిక యాప్ కూడా చెడినట్టే కనపడుతుంది. 2021 మార్చిలో ఒక వెబ్‌వ్యూ అప్‌డేట్‌లో లోపం వల్ల పత్రికలతో సంబంధం లేని యాప్‌లు కూడా ఎన్నో తెరవగానే మూతపడ్డాయి. ప్లే స్టోర్‌లో ఆ పేరు వెతికి అప్‌డేట్ చేసి, ఫోన్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. యాప్‌ని తీసేసి మళ్లీ వేసుకోవడం చివరి మెట్టు. అలా చేస్తే దింపుకున్న సంచికలన్నీ పోతాయి.

బొమ్మ తిరుగుతూ తిరుగుతూ ఒక్కసారిగా ముందుకు గెంతుతోందా? అది రెండు రకాలు, వాటిని కలిపేయకూడదు. మధ్యలో కొన్ని ఫ్రేములు దిగకపోతే ఇంజన్ ముక్కు చూస్తుండగానే పక్కకి దూకుతుంది. యాప్‌లో అయితే ఆ సంచిక ఒక్కటీ తీసేసి, మంచి వైఫై మీద మళ్లీ దింపుకోవాలి. దిగేదాకా యాప్‌ని తెర మీదే ఉంచడం మంచిది. వెబ్‌లో అయితే ఆ సైటు డేటా ఒక్కటే తుడవండి. బ్రౌజర్ మొత్తం తుడిస్తే అన్ని చోట్లా లాగిన్లు పోయి కొత్త తలనొప్పి మొదలవుతుంది. పరికరంలో స్టోరేజ్ నిండిపోయినా ఇదే కథ. సంచిక దిగినట్టే చూపిస్తుంది గానీ లోపల ఫోటోలు కొన్ని ఉండవు.

రెండో రకం గెంతు లోపమే కాదు. 25 సెంటీమీటర్ల పొడవున్న ఇంజన్ మోడల్ 10 డిగ్రీలు తిరిగితే దాని కొస రెండు సెంటీమీటర్లకి పైగా జరుగుతుంది. 10 సెంటీమీటర్ల వ్యాగన్ అయితే ఒక సెంటీమీటర్ కూడా జరగదు. అందుకే అదే పత్రికలో, అదే ఫోన్‌లో వ్యాగన్ మెత్తగా తిరుగుతుంది, పొడవాటి ఇంజన్ మాత్రం జర్కులిస్తుంది. హెచ్‌ఓ స్కేలు (అసలు సైజులో 87వ వంతు) పెద్ద ఇంజన్లు చూసి నెట్‌ని తిట్టుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. దీనికి మందు పత్రికవాళ్ల చేతిలో ఉంది. పొడవాటి మోడళ్లకి 72 ఫ్రేములు తీయాలి. మన పత్రికవాళ్లు కొన్నేళ్లుగా ప్రధాన సమీక్షలకి అలాగే తీస్తున్నారు, తేడా స్పష్టంగా తెలుస్తోంది.

అయితే ఫ్రేములు పెరిగితే మెమరీ గొడవ మొదలవుతుంది. ఫైలుగా ఉన్నప్పుడు ఫోటో చిన్నదే, కానీ తెర మీద చూపించాలంటే దాన్ని పూర్తిగా విప్పాలి. 2000 బై 1500 పిక్సెళ్ల ఫోటో, పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున విప్పితే 12 ఎంబీ అవుతుంది. అలాంటివి 36 ఒకేసారి విప్పితే 432 ఎంబీ, 72 అయితే దానికి రెట్టింపు. పాత ట్యాబ్‌లలో బొమ్మని రెండు చుట్లు తిప్పగానే యాప్ మూసుకుపోయేది ఇందుకే. మంచి వ్యూయర్ (బొమ్మని తెర మీద చూపించే ప్రోగ్రాము) అవసరమైన ఫ్రేముల్నే విప్పుతుంది, చేతకానిది అన్నీ విప్పి కూర్చుంటుంది. మనం చేయగలిగింది తక్కువే. వేరే యాప్‌లు మూసేయడం, ఒకే పేజీలో రెండు మూడు బొమ్మలుంటే ఒకటి చూసి మూశాకే ఇంకోటి తెరవడం. వ్యూయర్‌లో తక్కువ నాణ్యత అని ఎంపిక ఉంటే పాత పరికరంలో అది పెట్టుకోండి, రాడ్లు చూసుకోవడానికి అది చాలు.

వేలు జరిపితే బొమ్మకి బదులు పేజీ మారిపోవడం చాలామందికి కోపం తెప్పించే విషయం. పేజీకీ బొమ్మకీ ఒకే కదలిక వాడారు, ఏది ముందు అందుకుంటే అదే జరుగుతుంది. బొమ్మ మీద ఒకసారి తట్టి ఫుల్ స్క్రీన్‌లోకి వెళితే ఈ పోటీ ఉండదు. అంచు నుంచి కాకుండా మోడల్ మధ్యలోంచి జరపండి. ఆండ్రాయిడ్ 10 నుంచి తెర అంచున జరిపితే వెనక్కి వెళ్లే ఏర్పాటు వచ్చింది కాబట్టి అంచుల్లో పెడితే పేజీయే పోతుంది. జూమ్ చేసి ఉన్నప్పుడు వేలు జరిపితే ఫోటో పక్కకి జరుగుతుంది గానీ మోడల్ తిరగదు. ముందు జూమ్ తగ్గించి, తిప్పి, మళ్లీ జూమ్ చేయాలి. ల్యాప్‌టాప్‌లో రెండు వేళ్లతో తోస్తే పేజీ కదులుతుంది, నొక్కి పట్టుకుని లాగితేనే బొమ్మ తిరుగుతుంది. ఫోన్‌ని వంచితే తిరిగే బొమ్మలు కూడా కొన్ని వేశారు. ఐఫోన్‌లో ఐఓఎస్ 13 నుంచి కదలికల అనుమతి అడుగుతుంది, ఒకసారి వద్దంటే బొమ్మ వంపుకి స్పందించదు. నాకైతే అవి నచ్చలేదు, వేలితో తిప్పినంత అదుపు ఉండదు.

ఈ పత్రిక సహాయ విభాగం గురించి ఉన్న మాటే రాస్తున్నాను. మొదటి జవాబు ఎప్పుడూ ఒకటే, యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి అని. మనం సరైన వివరాలు పంపితే రెండో జవాబు నిజంగా మనిషి రాసినట్టు వస్తుంది. సంచిక సంఖ్య, పేజీ, పరికరం మోడల్, ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్, యాప్ వెర్షన్, ఏ కోణంలో ఆగింది, రెండో పరికరంలో ఏమైంది, వీటితో పాటు కొన్ని సెకన్ల స్క్రీన్ రికార్డింగ్ పంపండి. కంప్యూటర్ ఉన్నవాళ్లు ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి పేజీని రీలోడ్ చేస్తే, దొరకని ఫోటో పక్కన 404 అని కనపడుతుంది. దాని స్క్రీన్‌షాట్ పంపితే వాదనే ఉండదు. అలా పంపిన ఒక డీజిల్ ఇంజన్ బొమ్మలో ఒకే ఒక్క ఫ్రేమ్ ఫైలు పేరులో చిన్నక్షరానికి బదులు పెద్దక్షరం (క్యాపిటల్ లెటర్) పడి, సర్వర్‌కి ఆ ఫైలు దొరకడం లేదని తేలింది. మర్నాటికి సరిచేశారు, క్షమాపణ కూడా చెప్పారు.

నాకున్న అసంతృప్తులు రెండు. బొమ్మ తిరగని పరిస్థితిలో చదివేవాళ్ల కోసం ముందు, వెనక, రెండు పక్కలు అని నాలుగు మామూలు ఫోటోలైనా కింద పెట్టాలి. ఆ ఫ్రేములు ఎలాగూ వాళ్ల దగ్గర ఉంటాయి, కొత్తగా తీయాల్సిన పని లేదు. ఇక రెండోది, కెమెరా ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది. పైకప్పు గానీ, చక్రాల వెనక కరెంటు అందుకునే రాగి పట్టీలు గానీ సరిగ్గా కనపడవు. మూడు ఎత్తుల్లో తీస్తే 36 కాస్తా 108 ఫోటోలవుతాయి, ఖర్చు పెరుగుతుందని తెలుసు. ఏడాదికి ఒకటి రెండు ముఖ్యమైన మోడళ్లకైనా అలా తీస్తే బాగుంటుంది.

పాత సంచికల గురించి కూడా చెప్పాలి. వాటిలోని బొమ్మలు ఫ్లాష్‌లో (వెబ్‌లో కదిలే బొమ్మలు చూపించే పాత సాఫ్ట్‌వేర్) చేసినవి. ఫ్లాష్‌కి మద్దతు 2020 డిసెంబరు 31తో ముగిసింది, 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్‌లో ఆ కంటెంట్ నడవకుండా ఆపేశారు. ఆ పేజీల్లో ఇప్పుడు బూడిదరంగు డబ్బా తప్ప ఏమీ ఉండదు, మన పరికరంలో సెట్టింగులు ఎన్ని మార్చినా రాదు. అయితే ఫ్లాష్‌ని అనుకరించే రఫుల్ అనే ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే కొన్ని బొమ్మలు మళ్లీ తిరుగుతున్నాయి, కొన్ని తిరగడం లేదు. పాత ఫ్లాష్ ఫైలు తెరవడానికి ఊరూ పేరూ తెలియని సైట్ల నుంచి ప్లేయర్ మాత్రం దింపుకోకండి, అందులో వైరస్ ఉండే ప్రమాదం ఉంది. సరైన దారి పత్రికవాళ్లు అసలు ఫోటోలని కొత్త వ్యూయర్‌లో మళ్లీ పెట్టడమే. పాఠకులు అడగగా కొన్ని సంచికలకి అలా పెట్టారు, అవి ఇప్పుడు ఫోన్‌లో కూడా హాయిగా తిరుగుతున్నాయి. మంచి ఆవిరి ఇంజన్ల సమీక్షలు ఎక్కువగా ఉన్నవి మిగిలిన సంచికల్లోనే. ఏ సంచిక, ఏ పేజీ అన్నది జాబితా రాసి పంపాను, మీ దగ్గరా పాత చందా ఉంటే మీరూ పంపండి.