కోల్డ్ స్టోరేజీ ఆఫీసు ఫోనును మొబైళ్లకు మళ్లించే క్లౌడ్ సేవ: ఒక సీజను వాడాక

మా కోల్డ్ స్టోరేజీ గుంటూరు మిర్చి యార్డుకు దగ్గరలో ఉంది. కాయ వచ్చే కాలంలో ఆఫీసు ఫోను పొద్దున ఆరింటికే మోగడం మొదలవుతుంది. గదిలో చోటుందా, టిక్కీకి (మిర్చి బస్తాకు) అద్దె ఎంత, బాండు (సరుకు దాచినందుకు ఇచ్చే రసీదు) ఎవరి పేరున రాశారు, లారీ గేటు దగ్గరికి వచ్చింది, దింపించే మనిషి ఎక్కడ అని అడుగుతారు. ఆ వేళకు ఆఫీసులో ఉండేది వాచ్‌మన్ ఒక్కడే. గుమస్తా యార్డులో ఉంటాడు, మేనేజరు దారిలో ఉంటాడు. అందుకే కిందటి సీజనుకు ముందు, ఆఫీసు నంబరుకు వచ్చే కాల్‌ను మా మొబైళ్లకు పంపే ఒక క్లౌడ్ ఫోన్ సేవ తీసుకున్నాం. మేము ఎదుర్కొన్న ఇబ్బందులు ఈ రకం సేవలు తీసుకునే ఎవరికైనా ఎదురయ్యేవే కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు.

ల్యాండ్‌లైన్ నుంచే నేరుగా మొబైల్‌కు ఫార్వర్డ్ పెట్టుకోవచ్చు కదా అని మొదట మేమూ అనుకున్నాం. అయితే ఆ ఫార్వర్డ్ ఒక్క నంబరుకే వెళ్తుంది. ఆ మనిషి ఎత్తకపోతే కథ అక్కడితో ముగుస్తుంది. క్లౌడ్ సేవలో మాత్రం నలుగురి మొబైళ్లను ఒకేసారి మోగించవచ్చు, లేదా ఒకరి తర్వాత ఒకరికి పంపవచ్చు, పగలు ఒక వరుస, రాత్రి మరో వరుస పెట్టుకోవచ్చు. ఇక మన దేశంలో నంబరు మార్చకుండా కంపెనీ మారే వెసులుబాటు మొబైళ్లకే ఉంది గాని ల్యాండ్‌లైన్లకు లేదు. కాబట్టి బాండ్ల మీద అచ్చయి ఉన్న 0863 నంబరును అలాగే ఉంచి, దాన్ని ఈ సేవ ఇచ్చిన కొత్త నంబరుకు మళ్లించుకోవలసి వచ్చింది.

తొలి రోజు ఒక్క మొబైలూ మోగలేదు. వెబ్‌సైట్‌లో మేము అందరిలాగే పదంకెల నంబర్లు నింపాం, అది మారు మాట లేకుండా తీసుకుంది. విచారిస్తే తేలిందేమంటే, ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసే కాల్‌కు ముందు సున్నా ఉండాలన్న నిబంధన 2021 జనవరి 15 నుంచి అమల్లో ఉంది, వీరి కాల్ బయటికి వెళ్లేది ల్యాండ్‌లైన్ కోవకు చెందిన లైను మీదనే. సున్నా చేర్చగానే ఫోన్లు మోగాయి. ఆ సున్నాను సాఫ్ట్‌వేరే చేర్చుకోవచ్చు, కనీసం నింపే చోట ఒక మాటైనా రాసి ఉంచవచ్చు. ఫోన్ల వ్యాపారం చేసేవారికి ఇది తెలియని సంగతి కాదు.

అసలు చిక్కు రెండో వారంలో వచ్చింది. నలుగురి ఫోన్లూ ఒకేసారి మోగేలా పెట్టాం, అయినా ఎవరి ఫోనూ ఒక్క రింగుకు మించి మోగడం లేదు. వినుకొండ వైపు రైతు ఒకాయన యార్డులో నాకు ఎదురుపడి, “మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తి మీరెవరు, పనేమిటి అని ఇంగ్లీషులో అడుగుతోందండీ, ఎవర్నన్నా కొత్తగా పెట్టుకున్నారా?” అన్నాడు. మా మేనేజరు తన మొబైల్‌లో తెలియని కాల్స్‌ను తానే ఎత్తి వివరం అడిగే యాప్ ఒకటి వేసుకున్నాడు. ఆఫీసు నుంచి వచ్చే ప్రతి కాల్‌నూ అదే అందరికంటే ముందు ఎత్తేస్తోంది. ఎవరో ఒకరు ఎత్తారని తెలియగానే సిస్టమ్ మిగతా ముగ్గురి రింగూ ఆపేస్తుంది. ఎత్తింది మనిషా, యంత్రమా అన్నది దానికి తెలియదు.

దీనికి మందు ఆ సేవలోనే ఉంది, కాని ఎవరూ చెప్పరు. ఫోను ఎత్తిన మనిషి ఒకటి నొక్కితేనే కాల్ కలిసేలా ఒక సెట్టింగు ఉంది. నొక్కేవరకు అవతలి రైతుకు రింగే వినిపిస్తుంది, మిగతా ఫోన్లూ మోగుతూనే ఉంటాయి. చేతుల నిండా కారం పొడి ఉన్న గుమస్తాకు ఆ ఒకటి నొక్కడం చిరాకే, రోజూ గొణుగుతాడు. అయినా మొబైళ్లకు మళ్లించే ఎవరైనా మొదటి రోజునే పెట్టుకోవలసిన సెట్టింగు ఇది.

రింగు ఎంతసేపు ఉండాలన్నది కూడా మన చేతిలోనే ఉన్నట్టు వెబ్‌సైట్ చూపిస్తుంది. మేము 45 సెకన్లు పెట్టాం, కాని మోగింది 30 సెకన్లే. మొబైళ్లకు 30 సెకన్లు, ల్యాండ్‌లైన్లకు 60 సెకన్లు అని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019 నవంబరులో నిర్ణయించింది. ఆ గడువు తీరితే మొబైల్ కంపెనీయే రింగు ఆపేస్తుంది. ఒకరి తర్వాత ఒకరికి పంపే పద్ధతిలో మనిషికి 30 సెకన్ల చొప్పున పెడితే మూడో మనిషి దగ్గరికి చేరేసరికి నిమిషం దాటుతుంది, అంతసేపు రైతు ఆగడు. ఇప్పుడు మనిషికి 15 సెకన్లు పెట్టాం. శీతల గదిలో ఉన్నప్పుడు మాత్రం ఏ సెట్టింగూ పనిచేయదు. చలి బయటికి పోకుండా కట్టిన గోడలు సిగ్నల్‌ను కూడా లోపలికి రానివ్వవు. లోపలికి వెళ్లే మనిషి ఈ సేవ వారి యాప్‌లో తన పేరు ఎదుట ‘అందుబాటులో లేను’ అని పెట్టి వెళ్లడం అలవాటు చేసుకున్నాం.

మొబైల్ తెర మీద రైతు నంబరు కాక మా ఆఫీసుకు ఈ సేవ ఇచ్చిన కొత్త నంబరే కనిపిస్తుంది. మన దగ్గరికి వచ్చేది రైతు చేసిన కాల్ కాదు, సిస్టమ్ తన నంబరు నుంచి కొత్తగా చేసే మరో కాల్. రైతు నంబరు యాప్‌లోను, మెసేజ్‌లోను వస్తుంది. మొదట ఇది లోపమనుకున్నాను, ఇప్పుడు అనుకోవడం లేదు. ఆ నంబరు చూడగానే గుమస్తా “హలో, ఎవురూ” అనకుండా కోల్డ్ స్టోరేజీ పేరు చెప్పి మాట్లాడుతున్నాడు. తిరిగి చేసేటప్పుడు యాప్ నుంచి చేస్తే రైతుకు కూడా ఆ నంబరే కనిపిస్తుంది. లోగడ పని మానేసి వెళ్లిన ఒక గుమస్తా సెల్ నంబరుతో పాటు కొందరు ఖాతాదారులూ వెళ్లిపోయారు, ఇప్పుడు ఆ భయం లేదు.

బిల్లు విషయంలో ఒక మాట. మళ్లించిన ప్రతి కాల్‌కూ సిస్టమ్ మన మొబైల్‌కు చేసే కాల్ ఖర్చు మన ఖాతాలోనే పడుతుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. నెల చందా తక్కువని సంబరపడేముందు ఆ నిమిషాల లెక్క అడగాలి.

సహాయ కేంద్రం వారు ఫోను ఎత్తుతారు, తెలుగులో మాట్లాడుతారు, అంతవరకు మెచ్చుకోవచ్చు. సిస్టమ్‌తో పాటు వచ్చిన తెలుగు ప్రకటన మాత్రం “మా ప్రతినిధులు ప్రస్తుతం వ్యస్తంగా ఉన్నారు” అంటుంది. తీరిక లేదనడానికి హిందీ మాటను అలాగే దించేశారు. అది తీసేసి, “అందరూ వేరే ఫోన్‌లో ఉన్నారండీ, పది నిమిషాల్లో మేమే చేస్తాం” అని మా అకౌంటెంటు గొంతుతో రికార్డు చేసి పెట్టాం. అద్దెలకు ఒకటి, బాండ్లకు రెండు నొక్కమనే మెనూ కూడా తీసేశాం, ఎందుకంటే చాలామంది రైతులు ఏదీ నొక్కకుండా ఎదురుచూసి పెట్టేస్తున్నారు. ఈ సీజనుకు చందా మళ్లీ కట్టాం. రాత్రి తొమ్మిది తర్వాత వచ్చే కాల్స్‌ను కంప్రెసర్ ఆపరేటరుకు, నాకు మాత్రమే పెట్టుకున్నాం.