సొంత భాషకి స్పెల్లింగ్ కుదిర్చే టూల్: ఆరు వారాలు వాడాక (3/5)

సరదాకి నేనే కొత్తగా అల్లుకుంటున్న భాషలో ఇప్పటికి 1,300 దాకా పదాలున్నాయి. ఇన్నాళ్లూ వాటిని ఐపీఏ గుర్తులతోనే (ఏ భాష ధ్వనినైనా రాయడానికి భాషావేత్తలు వాడే గుర్తులు) రాసుకున్నాను, నాకు బాగానే ఉంది గానీ ఎవరికి చూపించినా మొదటి లైన్ దగ్గరే ఆగిపోతున్నారు. అందుకే ఈ టూల్ తీసుకున్నాను. ధ్వనుల జాబితా, పదాల జాబితా ఇస్తే రోమన్ లిపిలో ఏ ధ్వనికి ఏ అక్షరం పెట్టాలో సూచించి, నిఘంటువు మొత్తాన్ని ఆ స్పెల్లింగ్‌లోకి మార్చిపెడుతుంది.

నాకు బాగా నచ్చింది లెక్క. ఏ ధ్వని ఎన్నిసార్లు వస్తోందో చూపిస్తుంది. నా భాషలో త కంటే ట దాదాపు మూడు రెట్లు ఎక్కువని అది చూపించేదాకా నాకే తెలీదు. మరి ఎక్కువసార్లు వచ్చే ధ్వనికే కదా మామూలు అక్షరం ఇవ్వాలి, కానీ టూల్ మొదట త కి ఉత్త టీ ఇచ్చి, ట కి టీ కింద చుక్క పెట్టింది. మన భాషల్ని రోమన్ లిపిలో రాయడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15919లో పద్ధతి అదే, తప్పు కాదు, కానీ నా భాషలో పేజీ నిండా చుక్కలే అయిపోయాయి.

సరే అని మనం చాటింగ్‌లో రాసే పద్ధతికి మార్చాను, ట కి టీ, త కి టీహెచ్. పాట, పాత తేడా తెలియాలంటే మనం అలాగే కదా రాస్తాం. చదవడానికి హాయిగా అనిపించింది. అసలు గొడవ ఇక్కడే మొదలైంది.

నా భాషలో 'మట్' అంటే చెరువు, 'హెను' అంటే గట్టు. రెండూ కలిస్తే మట్‌హెను, చెరువుగట్టు. రోమన్‌లో రాసేసరికి మధ్యలో టీ, హెచ్ పక్కపక్కన పడ్డాయి, చదివితే 'మతెను'. నా భాషలో మతెను అంటే 'మర్చిపోయాడు'! 'చెరువుగట్టు మీద కూర్చున్నాడు' అని నేను రాసుకున్న వాక్యం కాస్తా 'మర్చిపోయాడు మీద కూర్చున్నాడు' అయింది. టూల్ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వలేదు. ఇలాంటి సమాసాలు 41 ఉన్నాయి, అన్నీ నేనే కూర్చుని వెతుక్కున్నాను.

ఇదేమీ ఎవరికీ తెలియని సమస్య కాదు. 1887లో ఎస్పెరాంటో అనే కల్పిత భాష వచ్చినప్పుడే, నెత్తిన టోపీ లాంటి గుర్తున్న దాని అక్షరాలు ప్రెస్సులో దొరక్కపోతే పక్కన హెచ్ చేర్చమన్నారు. ఆ లెక్కన జీహెచ్ అంటే జ. కానీ విమానాశ్రయానికి వాళ్ల మాట ఫ్లుగ్, హవేనో కలిసి వచ్చింది, అక్కడ గ్ పక్కన హ నిజంగానే ఉంది, కొత్తవాళ్లు ఫ్లుజవేనో అని చదివే ప్రమాదం ఉంది. అందుకే తర్వాత చాలామంది హెచ్ బదులు ఎక్స్ పెట్టడం మొదలుపెట్టారు, ఎస్పెరాంటో అక్షరమాలలో ఎక్స్ లేదు కాబట్టి తికమక తగ్గింది. చైనీస్‌ని రోమన్ లిపిలో రాసే పిన్‌యిన్ పద్ధతిలో దారి ఇంకోటి: షీఆన్ నగరం పేరు ఒకే అక్షరంలా కలిపి చదవకుండా మధ్యలో అపాస్ట్రఫీ (') పెడతారు. నేనూ అదే పట్టుకున్నాను, అయోమయం ఉన్నచోట మాత్రమే. అలాంటి నియమం చేర్చే వీలు టూల్‌లో ఎక్కడా లేదు, చేత్తో దిద్దుకోవాల్సి వచ్చింది.

ఇంకో తప్పు చుక్కల రోజుల్లోనే దొరికింది. టూల్ మార్చి ఇచ్చిన ఫైల్లో ఒక పదం కళ్ల ముందే ఉంది, వెతికితే మాత్రం 'లేదు' అంటోంది. గంటసేపు తల పట్టుకున్నాక అర్థమైంది: కంప్యూటర్లో అక్షరాలకి నంబర్లిచ్చే యూనికోడ్‌లో చుక్క టీ ని ఒకే అక్షరంగానూ రాయొచ్చు, టీ, చుక్క రెండుగానూ రాయొచ్చు. కంటికి తేడా తెలీదు, వెతికే ప్రోగ్రాం రెండిటినీ కలిపి చూసుకోకపోతే వేర్వేరుగా లెక్కేస్తుంది. నా కీబోర్డు ఒకటి ఇస్తోంది, టూల్ రెండోది రాసింది. మీరూ చుక్కలు వాడేట్టయితే ఫైలు మొత్తాన్ని ముందే ఒక పద్ధతికి మార్చుకోండి.

కొత్తగా భాష మొదలుపెట్టి, ధ్వనులు పాతిక లోపు ఉన్నవాళ్లకి ఇది చాలు, ఆ లెక్క కోసమైనా తీసుకోవచ్చు. సమాసాలు ఎక్కువుంటే మాత్రం మొత్తం నిఘంటువు ఎక్కించే ముందు ఒక యాభై జోడు పదాలతో పరీక్షించండి, పైకి చదివి వినిపించమని ఆ భాష రాని ఒకరికి ఇవ్వండి. నా మతెను గొడవ బయటపడింది అలాగే, మా చెల్లి చదివినప్పుడు.