వైజాగ్–హైదరాబాద్ విమానం: శ్రీకాకుళం నుంచి ఆరేళ్లు తిరిగాక

ఆరేళ్లుగా నాన్నని మూడు నెలలకోసారి గుండె చెకప్‌కి హైదరాబాద్ తీసుకెళ్తున్నాను. మొదట్లో ఆమదాలవలసలో రైలెక్కి రాత్రంతా ప్రయాణం చేసేవాళ్లం. స్టెంట్ వేశాక ఆయనకి ఆ ఓపిక లేకపోయింది. అప్పట్నుంచి విమానమే.

వైజాగ్ నుంచి శంషాబాద్‌కి గాలిదారిలో సుమారు 510 కిలోమీటర్లు. రోడ్డు మీదైతే ఆరు వందలు దాటుతుంది. టికెట్ మీద దాదాపు గంటా ఇరవై నిమిషాలని రాసుంటుంది. అది విమానం ఇక్కడ కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగేదాకా పట్టే టైము. చక్రాలు నేల వదిలాక మళ్లీ నేల తాకేదాకా నేను వాచీ చూసుకున్నప్పుడల్లా గంటకి కాస్త అటూ ఇటూ వచ్చింది. పంకాలు తిరిగే చిన్న విమానం ఏటీఆర్ అయితే ఇంకో పావుగంట వేసుకోవాలి. దాని వేగం గంటకి 500 కిలోమీటర్లే, జెట్‌ది ఎనిమిది వందల దాకా ఉంటుంది. అయినా నాన్నకి ఏటీఆరే ఇష్టం, ఎక్కడానికి నాలుగైదు మెట్లే కాబట్టి. మొదటిసారి ఎక్కినప్పుడు ఆయన చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఇంకా సగం ఉండగానే కింద ఇళ్లు కనిపించాయి. "ఇంకా తినడం అవనేదు, అప్పుడే దిగిపోతన్నామేటి?" అన్నారు.

అసలు టైమంతా నేల మీదే పోతుంది. శ్రీకాకుళం నుంచి వైజాగ్ ఎయిర్‌పోర్టుకి 110 కిలోమీటర్ల పైనే. ఎచ్చెర్ల, రణస్థలం చకచకా దాటేస్తాం. మధురవాడ దగ్గర సిటీలో పడ్డాక ఎన్ఏడీ జంక్షన్ దాకా ఎంతసేపు పడుతుందో చెప్పలేం. మూడు గంటలు వేసుకోవాల్సిందే. ఒకసారి తగరపువలస దగ్గర లారీ అడ్డంగా పడిపోయి ముప్పావుగంట ఆగిపోయాం. మేం వెళ్లేసరికి విమానానికి ఇంకా యాభై నిమిషాలుంది, కానీ కౌంటర్ గంట ముందే మూసేశారు. నాన్న మాత్రల సంచీ ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంటే, నేను సాయంత్రం విమానానికి రెండింతలు పెట్టి మళ్లీ టికెట్లు కొన్నాను. ఆ రోజు టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పట్నుంచి పదకొండు గంటల విమానానికి తెల్లవారుజామున ఆరింటికే బయల్దేరుతున్నాం.

శంషాబాద్‌లో దిగాక పుష్పక్ బస్సులో ఆసుపత్రికి ఇంకో గంట. మొత్తం లెక్కేస్తే ఇంటి గుమ్మం నుంచి ఎనిమిది గంటలవుతుంది. అందులో గాల్లో ఉండేది ఒక్క గంటే. ఒక్కరే అయితే, తొందర లేకపోతే రైలు చాలు. పెద్దవాళ్లతో అయితే మాత్రం డబ్బు కూడబెట్టుకునైనా విమానమే ఎక్కండి. నాన్న హైదరాబాద్‌లో దిగి తన కాళ్ల మీద తను నడిచి డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారు. రైల్లో వెళ్లిన రోజుల్లో చక్రాల కుర్చీ అడగాల్సి వచ్చేది.

కొత్త ఎయిర్‌పోర్టుకి ఎంచుకున్న భోగాపురం మాకు వైజాగ్ వెళ్లే దారిలో దాదాపు సగంలోనే ఉంది. విమానాలు అక్కణ్ణుంచి ఎక్కితే మాకు గంటన్నర కలిసొస్తుంది, సిటీ ట్రాఫిక్ బెంగా ఉండదు. అక్కడ పనులు మొదలైన దగ్గర్నుంచీ నాన్న బస్సులో ఎడమవైపు కిటికీ సీటే అడుగుతున్నారు.