అల్లర్లు చెయ్యిదాటితే: కేంద్ర బలగాలా, 149 కింద సైన్యమా, అఫ్‌స్పానా? ఏది మేలు?

పెద్ద అల్లర్లు చెలరేగిన ప్రతిసారీ "మిలిటరీని దింపండి" అన్న డిమాండు వినిపిస్తుంది. నిజానికి మన చట్టంలో దానికి ఒకటి కాదు, మూడు దారులున్నాయి. ఒకటి, సీఆర్‌పీఎఫ్ (సెంట్రల్ రిజర్వ్ పోలీస్ ఫోర్స్) లాంటి కేంద్ర సాయుధ పోలీసు బలగాలు. రెండోది, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 149వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ పిలిస్తే వచ్చే సైన్యం. మూడోది, 1958 నాటి సాయుధ దళాల ప్రత్యేక అధికారాల చట్టం, అంటే అఫ్‌స్పా. కాల్పులకు ఆదేశం ఎవరిస్తారు, రేపు కోర్టులో జవాబు ఎవరు చెప్పాలి అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే మూడింటికీ తేడా తెలిసిపోతుంది.

రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలో మొదటి అంశం. అయితే ఆ అంశంలోనే ఒక మినహాయింపు ఉంది: పౌర ప్రభుత్వానికి సాయంగా సైన్యాన్ని గానీ, కేంద్రానికి చెందిన మరే సాయుధ దళాన్ని గానీ వాడడం అందులోకి రాదు. 1976లో 42వ సవరణతో ఆ విషయం కేంద్ర జాబితాలో 2ఎ అంశంగా చేరింది. కాబట్టి రాష్ట్రం అడగగలదు, పంపేది మాత్రం కేంద్రమే. "సాయంగా" అన్న మాటకున్న బరువును సుప్రీంకోర్టు 1997 నవంబరులో, అఫ్‌స్పాను సవాలు చేసిన నాగా పీపుల్స్ మూవ్‌మెంట్ కేసులో విడమరిచి చెప్పింది. పౌర ప్రభుత్వం పని చేస్తూనే ఉండాలి, సైన్యం దాని స్థానంలో కూర్చోకూడదు.

ముందు కేంద్ర బలగాల సంగతి. మతకల్లోలాలు, మూకదాడుల కోసమే 1992 అక్టోబరులో సీఆర్‌పీఎఫ్‌లో ర్యాపిడ్ యాక్షన్ ఫోర్స్ (ర్యాఫ్) పెట్టారు. దాని 99వ బెటాలియన్ హైదరాబాద్‌లోనే ఉంది. వీళ్ళ చేతుల్లో లాఠీ, షీల్డు, టియర్ గ్యాస్ ఉంటాయి. తుపాకీ దాకా వెళ్ళేలోపు కొన్ని మెట్లున్న శిక్షణ వీళ్ళది. పదాతిదళ జవానుకు సైన్యం నేర్పేది శత్రువును మట్టుబెట్టడం, అతని దగ్గరుండేది రైఫిల్. మూక ముందు అతన్ని నిలబెడితే, ఊరికే నిలబడడానికీ కాల్చడానికీ మధ్య అతనికి మిగిలే మెట్లు చాలా తక్కువ. రాళ్ళు, నినాదాలు, దహనాల దశలో ర్యాఫ్ మేలు అనడానికి ఇదే ప్రధాన కారణం. వాళ్ళు రాష్ట్ర పోలీసుల ఆదేశాల్లో నడుస్తారు, మోహరింపు ఖర్చు మామూలుగా రాష్ట్రమే చెల్లించాలి. ఒక చిక్కుంది. సంహిత 151వ సెక్షన్‌లో "సాయుధ దళాలు" అన్న మాటకిచ్చిన నిర్వచనంలోకి సైనిక, నౌకా, వైమానిక దళాలతో పాటు కేంద్రం తాలూకు ఇతర సాయుధ దళాలూ వస్తాయి. అంటే 149 షరతులు వీళ్ళకూ వర్తించవచ్చు, కాబట్టి ర్యాఫ్ వెంట కూడా మేజిస్ట్రేట్ ఉండడమే క్షేమం.

పోలీసులు, ర్యాఫ్ ఇద్దరూ చేతులెత్తేశాక వచ్చేది 149. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో ఇది 130. కొత్త సంహిత 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. మొదటి మెట్టు 148. ఐదుగురు లేదా అంతకు మించి గుమిగూడి శాంతికి భంగం కలిగించేలా ఉంటే చెదిరిపొమ్మని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ గానీ, స్టేషన్ అధికారి గానీ, ఆయన లేకపోతే ఎస్సై స్థాయికి తగ్గని పోలీసు గానీ ఆజ్ఞాపించవచ్చు. వినకపోతే బలం వాడవచ్చు, కానీ ఈ దశలో సైనికుల సాయం కోరకూడదని సెక్షనే చెబుతోంది. అలా చెదరగొట్టడం కుదరనప్పుడు, ప్రజాభద్రత కోసం చెదరగొట్టక తప్పనప్పుడు, అక్కడ హాజరుగా ఉన్న జిల్లా మేజిస్ట్రేట్ గానీ ఆయన అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ గానీ సైన్యాన్ని కోరవచ్చు. పాత చట్టంలో "అక్కడున్నవాళ్ళలో పై హోదా మేజిస్ట్రేట్" అని ఉండేది. కొత్తదాంట్లో కలెక్టరు అధికారమివ్వని తహసీల్దారు 149 కింద సైన్యాన్ని కోరలేడు. అందుకే ఆ అధికార పత్రాలు అల్లర్లు మొదలయ్యాక కాదు, పండగ బందోబస్తు ప్రణాళికతో పాటే తయారుగా ఉండాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం లాంటి కమిషనరేట్ నగరాల్లో కొన్ని మేజిస్ట్రేట్ అధికారాలు కమిషనర్ దగ్గర ఉంటాయి కనుక, సంతకం ఎవరిదన్నది ముందే తేల్చుకోవాలి.

మేజిస్ట్రేట్ చెప్పేది "ఏం చెయ్యాలి" అన్నదే. "ఎలా" అన్నది సైనికాధికారి ఇష్టం. ఆ గుంపును చెదరగొట్టమని, ఫలానావాళ్ళను పట్టుకోమని ఆయన కోరతాడు. దాన్ని పాటించక తప్పదు కానీ, పద్ధతి అధికారి "తనకు తగినట్టు" ఎంచుకోవచ్చని మూడో ఉపసెక్షన్ అంటుంది. ఆ వెంటనే, పని పూర్తికావడానికి ఎంత తక్కువ బలం సరిపోతుందో అంతే వాడాలని, మనుషులకూ ఆస్తులకూ హాని వీలైనంత తక్కువగా ఉండాలని కట్టడి పెడుతుంది.

ఆ తక్కువ బలం ఆచరణలో ఎలా ఉండాలో సైన్యం తన జవాన్లకిచ్చే సూచనల జాబితాలో కనిపిస్తుంది. 1997 తీర్పు ఆ జాబితాను ఉటంకించి, పాటించి తీరాల్సిందేనని చెప్పింది. కాల్పులు తప్పవనుకుంటే ముందు బ్యూగిల్‌తోనో మరోలాగో గుంపు దృష్టి ఇటు తిప్పాలి. ఈసారి తూటాలు నిజంగా తగులుతాయని స్థానిక భాషలో హెచ్చరించాలి. జవాన్లను చిన్న జట్లుగా విడదీసి ఒక్కోదానికి ఒక కమాండర్‌ను పెట్టాలి, కాల్చమనే ఆజ్ఞ అతని నోటి నుంచే రావాలి. గురి కిందికి ఉండాలి, అల్లరి చేస్తున్న ముందు వరస మీదికో కనిపిస్తున్న నాయకుల మీదికో ఉండాలి తప్ప వెనక దట్టంగా ఉన్న జనం మీదికి కాదు. మెషిన్ గన్నులు రిజర్వులోనే ఉండాలి. ఎన్ని రౌండ్లు పేల్చారో లెక్క రాయాలి. అనుకున్నది నెరవేరిన మరుక్షణం ఆపాలి, గాయపడ్డవాళ్ళకు వెంటనే చికిత్స అందించాలి. జనం తలల మీదుగా గాల్లోకి కాల్చడం దయ అనిపిస్తుంది గానీ, ఆ తూటా వీధి చివర మేడ మీద నిలబడ్డ మనిషికి తగలొచ్చు.

ఈ దారిలో తప్పులు జరిగేది ఎక్కువగా చట్టంలో కాదు, ఏర్పాట్లలో. సైన్యానికి ఆ ఊరి సందులు తెలియవు. ప్రతి కాలమ్‌కూ (ఒక్కో చోటికి పంపే సైనిక జట్టుకూ) ఒక మేజిస్ట్రేట్, దారి చూపే పోలీసు, వాహనాలు, పోలీసు కంట్రోల్ రూమ్‌తో మాట్లాడే వైర్‌లెస్ కావాలి. ఇవి లేకపోతే సైనికులు ఊళ్ళో ఉన్నా లేనట్టే. గుజరాత్ అల్లర్లప్పుడు 2002 మార్చి 1న అహ్మదాబాద్‌లో దిగిన బలగాలకు వాహనాలు రావడానికి చాలా గంటలు పట్టిందని, ఆ దళాన్ని నడిపిన జమీరుద్దీన్ షా తరవాత చెప్పారు. ఆలస్యం జరగలేదన్నది ఆ అల్లర్లపై సుప్రీంకోర్టు వేసిన ప్రత్యేక దర్యాప్తు బృందం మాట. 2016 ఫిబ్రవరిలో జాట్ ఆందోళన వేళ హరియాణాలోని రోహ్‌తక్‌కు రోడ్లన్నీ మూసుకుపోయి సైనికులను హెలికాప్టర్లలో దించాల్సి వచ్చింది. తీరా దిగాక ఇంకో సమస్య: పారామిలిటరీ వాళ్ళ దుస్తులూ సైన్యం దుస్తులూ ఒకేలా ఉండడంతో జనం ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయారు. చివరికి "ఆర్మీ" అని రాసిన అట్టలు పట్టుకుని ఫ్లాగ్ మార్చ్ చేశారు. సైన్యం పరువే సగం పని చేస్తుంది, ఆ పరువు కనబడాలంటే మనిషిని గుర్తుపట్టాలి కదా.

మేజిస్ట్రేట్‌తో ఏ విధంగానూ మాట్లాడే వీలులేక, ప్రజాభద్రతకు ముప్పు స్పష్టంగా కళ్ళెదుట ఉంటే, 150వ సెక్షన్ కింద కమిషన్డ్ లేదా గెజిటెడ్ అధికారి సొంతంగా రంగంలోకి దిగవచ్చు. మేజిస్ట్రేట్ అందుబాటులోకి రాగానే ఆయనతో మాట్లాడి, కొనసాగాలో ఆపాలో ఆయన చెప్పినట్టు చెయ్యాలి. ఆ షరతుతోనే ఈ సెక్షన్ ప్రమాదం తగ్గింది.

ఇక అఫ్‌స్పా. ఒక ప్రాంతం "కల్లోలిత ప్రాంతం" అని గవర్నర్ గానీ, 1972 సవరణ తరవాత కేంద్రం గానీ గెజెట్‌లో ప్రకటిస్తే అక్కడ నాలుగో సెక్షన్ అమల్లోకి వస్తుంది. కమిషన్డ్ అధికారి దాకా వెళ్ళనక్కర్లేదు, నాన్ కమిషన్డ్ అధికారి (హవల్దారు లాంటివాడు) చాలు: ఐదుగురు గుమిగూడడాన్ని లేదా ఆయుధాలు పట్టుకు తిరగడాన్ని నిషేధించిన ఉత్తర్వు ఉల్లంఘిస్తున్న మనిషి మీద, తగిన హెచ్చరిక తరవాత, ప్రాణం పోయేంత బలం వాడవచ్చు. వారెంట్ లేకుండా అరెస్టు చెయ్యవచ్చు, ఇంట్లోకి వెళ్ళి సోదా చెయ్యవచ్చు. మేజిస్ట్రేట్ ఊసే లేదు. పట్టుకున్నవాళ్ళను వీలైనంత త్వరగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు అప్పగించాలని ఐదో సెక్షన్ అంటుంది. కేంద్రం అనుమతి లేకుండా కేసు గానీ దావా గానీ నడవదని ఆరో సెక్షన్ అడ్డుగోడ కడుతుంది.

1997 తీర్పు చట్టాన్ని నిలబెట్టింది గానీ కళ్ళెం వేసింది. ప్రకటన నిరవధికంగా సాగకూడదు, ఆరు నెలలు గడిచేలోపు సమీక్షించాలి. 2016 జులైలో మణిపుర్ బూటకపు ఎన్‌కౌంటర్ల ఆరోపణల కేసులో ఇంకో అడుగు వేసింది: కల్లోలిత ప్రాంతమైనా మితిమీరిన బలానికి రక్షణ లేదు. కానీ తీర్పుల్లో ఉన్నదానికీ నేల మీద జరిగేదానికీ దూరం ఎంతో నాగాలాండ్‌లోని ఓటింగ్ అనే ఊళ్ళో జరిగింది చూపిస్తుంది. 2021 డిసెంబరు 4న పని ముగించుకుని ఇంటికి పోతున్న ఆరుగురు బొగ్గు గని కూలీలను తీవ్రవాదులనుకుని సైనిక కమాండోలు కాల్చిచంపారు. తరవాతి గొడవల్లో మరికొందరు పోయారు. రాష్ట్ర పోలీసులు 30 మంది సైనికుల మీద అభియోగపత్రం వేస్తే కేంద్రం అనుమతి నిరాకరించింది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసుల విచారణ ముగించింది, ముందు ముందు అనుమతి వస్తే కేసు నడపవచ్చని మాత్రం చెప్పింది.

149లోనూ అనుమతి గోడ ఉంది కదా అని అడగొచ్చు. ఉంది, 151 ప్రకారం సైనికుడి మీద కేసుకు కేంద్రం అనుమతి కావాలి. తేడా రెండు చోట్ల ఉంది. 149లో ఫలానా అని పేరు తెలిసిన మేజిస్ట్రేట్ సంఘటన స్థలంలో నిలబడి కోరాడు, దానికి ఆధారాలుంటాయి, ఆయన రేపు విచారణ కమిషన్ ముందు నిలబడాలి. పైగా అది ఆ ఒక్క గుంపుకే, ఆ గంటకే పరిమితం. అఫ్‌స్పా ఒక జిల్లాకు, నెలల తరబడి. రెండింటిలోనూ ఒకే లోపం: అనుమతి మీద నిర్ణయానికి గడువు లేదు. ప్రభుత్వోద్యోగుల విషయంలో సంహిత 218వ సెక్షన్ మొదటి ఉపసెక్షన్ 120 రోజుల గడువు పెట్టి, దాటితే అనుమతి ఇచ్చినట్టే అంటుంది. అదే గడువు 151కీ, అఫ్‌స్పా ఆరో సెక్షన్‌కూ పెట్టడం న్యాయం.

అఫ్‌స్పా లేకపోతే సైన్యం చేతులు కట్టేసినట్టవుతుందనే వాదనకు బలం లేకపోలేదు. 2023 మేలో మణిపుర్ మండినప్పుడు ఇంఫాల్ లోయలో 19 పోలీస్ స్టేషన్ల పరిధిలో ఆ చట్టం అప్పటికే ఎత్తేసి ఉంది. అక్కడ మేజిస్ట్రేట్లు లేకుండా సైన్యం కదలడం కష్టం. 2024 నవంబరులో ఆరు స్టేషన్ల పరిధిలో మళ్ళీ పెట్టారు. అయితే మే 3న హింస మొదలైన చురాచంద్‌పూర్ అఫ్‌స్పా అమల్లో ఉన్న కొండ ప్రాంతమే. చట్టం ఉన్నా ఇళ్ళు తగలబడడం ఆగలేదు. ఇరుగుపొరుగు తెగలు కొట్టుకుంటున్నచోట కాల్చే అధికారం కన్నా, రెండు వైపులా నమ్మే అధికారులు, సరిపడా మేజిస్ట్రేట్లు ఎక్కువ అవసరం.

మరి తుపాకీ పట్టిన దళాలు అడవిలో ఉంటే? 149 గుంపును చెదరగొట్టడానికే తప్ప దళాన్ని వెతికి పట్టుకోవడానికి పనికిరాదు. దీనికి తెలుగు నేల మీద వేరే జవాబు దొరికింది. 1989లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నక్సల్స్ కోసం గ్రేహౌండ్స్ పెట్టింది. ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ తీర్చిదిద్దిన ఆ దళం పోలీసుల్లో భాగం. అఫ్‌స్పా ఊసు రాలేదు. దానర్థం అంతా సవ్యంగా జరిగిందని కాదు. బూటకపు ఎన్‌కౌంటర్లన్న ఆరోపణలు ఇక్కడా దశాబ్దాల పాటు వినిపించాయి. అయితే పోలీసు కాల్పుల్లో మరణానికి ఎఫ్ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ తప్పనిసరని 2014లో సుప్రీంకోర్టు పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో చెప్పగలిగింది, అదీ ఆరో సెక్షన్ లాంటి గోడ అడ్డం లేకుండా. తప్పు జరిగితే ప్రశ్నించడానికి తలుపు తెరిచి ఉండడమే ఇక్కడి మేలు.

ఇదే ఆలోచనకు రాతరూపం ఇచ్చింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్ళిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. 2004లో మణిపుర్‌లో అస్సాం రైఫిల్స్ జవాన్లు పట్టుకెళ్ళిన తంగ్జామ్ మనోరమ మరణం మీద నిరసనలు ఎగసిపడ్డాక కేంద్రం ఆయన నేతృత్వంలో కమిటీ వేసింది. అఫ్‌స్పాను రద్దు చేసి, అవసరమైన నిబంధనలను చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా)లో చేర్చాలని, జిల్లాల్లో ఫిర్యాదుల విభాగాలు పెట్టాలని 2005 జూన్‌లో నివేదిక ఇచ్చారు. సైన్యాన్ని పంపొద్దని ఆయన అనలేదు. పంపితే ఎవరికి జవాబుదారో రాసిపెట్టి పంపమన్నారు. ఆ రద్దు ఇప్పటికీ జరగలేదు.

అమెరికాలోని మనవాళ్ళు పాసీ కోమిటేటస్ చట్టంతో పోల్చి అడుగుతుంటారు. 1878 నాటి ఆ చట్టం ఎదురు దిక్కు నుంచి మొదలవుతుంది: సైన్యాన్ని పోలీసు పనికి వాడడమే నేరం, రెండేళ్ళ దాకా జైలు. ఆ తరవాత మినహాయింపులు. 1807 తిరుగుబాటు చట్టం కింద 1957లో లిటిల్ రాక్‌కూ, 1992లో లాస్ ఏంజిలిస్‌కూ సైన్యం వెళ్ళింది. గవర్నర్ కింద పనిచేసే నేషనల్ గార్డుకు ఆ నిషేధం వర్తించదు. మన పద్ధతిలో నిషేధం లేదు, షరతులున్నాయి. ఆ షరతులన్నీ మేజిస్ట్రేట్ అనే ఒక్క మేకుకు వేలాడుతున్నాయి. అఫ్‌స్పా ఆ మేకునే పీకేస్తుంది.

కాబట్టి మూకల అల్లర్లకు మొదట ర్యాఫ్, అది చాలకపోతే ప్రతి కాలమ్‌కూ ఒక మేజిస్ట్రేట్‌తో 149. సాయుధ తిరుగుబాటుకు శిక్షణ ఉన్న పోలీసు దళం. అఫ్‌స్పా అమల్లో ఉన్నచోట, తొలగించే దాకా కనీసం ఆరు నెలల సమీక్ష కాగితాల మీది తంతు కాకుండా చూడాలి: ఏ పోలీస్ స్టేషన్ పరిధిలో, గత ఆరు నెలల్లో ఏ సంఘటనలు జరిగాయని ఈ చట్టం కొనసాగిస్తున్నారో నోటిఫికేషన్‌లోనే స్టేషన్‌వారీగా రాయాలి.