ఫ్లాండర్స్‌కు ఒక టైరు, రూబేకు ఇంకో టైరు

మహిళల సైకిల్ పోటీల్లో బెల్జియంలోని టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ 2004 నుంచి, ఫ్రాన్స్‌లోని పారిస్–రూబే 2021 నుంచి జరుగుతున్నాయి. రెండింట్లోనూ రాళ్లు పరిచిన బాటలుంటాయి, కానీ ఒకే సైకిల్ అమరిక రెండింటికీ సరిపోదు.

ఫ్లాండర్స్‌లో రాళ్లు ఎక్కువగా ఎక్కుడు దారుల్లో ఉంటాయి. పాటర్‌బర్గ్ అనే గుట్ట దారి పొడవు 360 మీటర్లే, వాలు మాత్రం ఒకచోట 20 శాతం దాటుతుంది. తడి రాళ్ల మీద లేచి తొక్కితే వెనక చక్రం జారుతుంది, కూర్చునే ఎక్కాలి. చిన్న గేరు ఎక్కుడు మొదలవకముందే వేసుకోవాలి. ఎక్కుతూ, బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ ఊడుతుంది, ఇక దిగి నడవడమే. 60 కిలోల రైడర్‌కు 30 మి.మీ. వెడల్పున్న ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేని) టైరు, సుమారు 4 బార్ (గాలి ఒత్తిడి కొలత) గాలి మంచి ఆరంభం.

రూబే దాదాపు చదునే. అక్కడ దెబ్బ చేతులకూ రిమ్‌లకూ. 32 మి.మీ. టైరులో 3.2 బార్ దగ్గర మొదలుపెట్టి, శిక్షణలో రిమ్ రాయికి తగిలిన శబ్దం వస్తే 0.2 పెంచాలి. గాలి ఎక్కువైతే చక్రం ఎగిరి పట్టు పోతుంది, అరచేతులు బొబ్బలెక్కుతాయి. హ్యాండిల్‌కు రెండు పొరల టేపు చుట్టాలి, నీళ్ల బాటిల్ పెట్టే కేజ్‌లు బిగుతుగా ఉండాలి.

ఒక్క జత టైర్లే ఉంటే 32 మి.మీ.వే కొనాలి, ఫ్రేములో చోటుంటేనే.