కంపోస్ట్ యార్డుకు పొలం లీజుకివ్వాలా, మన ఎరువు మనమే చేసుకోవాలా?

గుంటూరు, తెనాలి పక్కన రోడ్డు వెంట పొలం ఉన్న రైతును నగర చెత్తతో కంపోస్ట్ చేసే కంపెనీ యార్డు కోసం లీజు అడిగితే, పంట పోయే భయం లేకుండా ఏటా డబ్బు వస్తుంది కదా అనిపిస్తుంది. ఆ ఆశను తప్పుపట్టను. సంతకానికి ముందు మాత్రం చట్టం దేన్ని కాపాడుతోందో చూసుకోవాలి.

అమ్మే కంపోస్ట్‌కు 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు వర్తిస్తుంది. నగర చెత్తతో చేసిన కంపోస్ట్‌లో కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదు. 90 శాతం సరుకు 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలి. మంచి నిబంధనలే, కానీ అవి బస్తాలోకి ఎక్కే సరుకుకు. జల్లెడ మీద మిగిలిన ప్లాస్టిక్, గాజు పెంకులు, బ్యాటరీ ముక్కలు పడి ఉండేది మన పొలంలోనే. రోజుకు 5 టన్నులు మించి చెత్తను శుద్ధి చేసే యూనిట్‌కు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలని 2016 ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పాయి. "మాది చిన్న యూనిట్ అండీ" అని ఎవరైనా అంటే, రోజుకు ఎన్ని లారీలు వస్తాయో అడగండి. కుప్పల కింద కారే మురుగు బోరులోకి దిగితే పక్క రైతుతో తగాదా, మనకు టెన్షన్.

సొంత ఎరువు సంగతికొస్తే, మన పొలానికే వాడుకుంటే లైసెన్సు అక్కర్లేదు. అమ్మితే పై ఉత్తర్వే వర్తిస్తుంది. పత్తికట్టె, మిరపకట్టె ముక్కలు చేసి, పేడ కలిపి, తడుపుతూ తిరగేయాలి. ఎండు తెగులు వచ్చిన మొక్కలు అందులో వేయకూడదు. కూలి ఖర్చు తప్పదు. పైగా ఎకరా మిరపకు 10 టన్నుల పశువుల ఎరువు వేయమంటారు. రెండు గేదెలున్న ఇంటి దిబ్బ దానికి చాలదు.

అయినా నా ఓటు సొంత ఎరువుకే. అందులో ఏం వేశామో మనకు తెలుసు. మన మిరప విదేశాలకు వెళ్లేది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. తక్కువ పడినంత వరకు ల్యాబ్ రిపోర్టు చూసి బస్తాలు కొనుక్కోవచ్చు.

లీజు తప్పదనుకుంటే అగ్రిమెంట్‌లో ఇవి రాయించుకోండి: కుప్పల కింద సిమెంటు గచ్చు, మిగిలిన చెత్తను ఎప్పటికప్పుడు తీసుకెళ్లే బాధ్యత, లీజుకు ముందూ తర్వాతా కంపెనీ ఖర్చుతో మట్టి, బోరు నీటి పరీక్షలు, రెండో పరీక్ష ఫలితం వచ్చేదాకా మన దగ్గరే ఉండే డిపాజిట్.